రాట కనపడనంత దూరం

ఎల్లాజీ ఆ ఉత్తరాన్ని ఫోన్లో నాలుగుసార్లు చదివాడు. నాలుగోసారి కూడా అందులో పంది అనే ఉంది.

సరుకు ఓడలో వంటవాడి ఉద్యోగానికి అది రెండో పరీక్ష. రెండు పోర్క్ చాప్స్, అంటే ఎముకతో సహా మందంగా కోసిన పందిమాంసం ముక్కలు, పెనం మీద రెండువైపులా ఎర్రగా కాల్చాలి. సువాసన వేసే ఆకులు వెయ్యాలి. పక్కన ఏదో ఒక పండు కూడా కాల్చి వడ్డించాలి. పచ్చి ముక్క దగ్గర్నించి పళ్ళెం దాకా ఒకటే వీడియో తియ్యాలి, మధ్యలో ఆపకూడదు, అతకకూడదు. ఆఖర్న వండినవాడే తిని, ఎలా ఉందో నోటితో చెప్పాలి. గురువారం సాయంత్రం ఆరింటికల్లా అందాలి.

ఎల్లాజీకి ఇరవై నాలుగు నిండాయి. ఆ ఉద్యోగానికి ఇరవై అయిదు నిండితే తీసుకోరు. రెండేళ్ళుగా రెండుసార్లు మొదటి పరీక్షలోనే పోయాడు. ఇదే ఆఖరు. ఇది పోతే బస్ కాంప్లెక్స్ దగ్గర టిఫిన్ హోటల్లో పూరీలు వేస్తూ, జాలర్ల పేటలో తన ఇంటి అరుగు మీంచి లంగరేసిన ఓడల్ని చూస్తూ ముసలాడైపోవాలి.

పంది అతనికి పెద్ద చిక్కనిపించలేదు. తినలేదు గానీ, నేర్చుకుంటే వస్తుంది. అసలు చిక్కు పేట మొదట్లో నిలబడి మెరుస్తోంది. అది పండగ రాట.

అమ్మోరి పండక్కి తొమ్మిది రోజుల ముందు ఆ రాట పాతుతారు. పాతిన దగ్గర్నించి పండగయ్యేదాకా పేటలో ఎవరూ పెనం మీద నూనె కాగించకూడదు. పోపు పెట్టకూడదు. అన్నం వండుకోవచ్చు, పులుసు కాచుకోవచ్చు, చేప ఉడకేసుకోవచ్చు. 'సుయ్' మనే చప్పుడు మాత్రం వినపడకూడదు. ఆ చప్పుడికి అమ్మోరి ఒళ్ళు బొబ్బలెక్కుతుందని పెద్దల మాట. పేట మనిషి పగలు పనిమీద బయటికెళ్ళొచ్చు, కానీ ఎక్కడున్నా పొయ్యి మీద నూనె పెట్టకూడదు. అందుకే ఏటా ఈ తొమ్మిది రోజులూ ఎల్లాజీ హోటల్ మానేస్తాడు, ఏటా హోటలాయన అతన్ని పన్లోంచి తీసేస్తాడు, పదోరోజు మళ్ళీ పెట్టుకుంటాడు.

రాట ఆదివారం పాతారు. పండగ వచ్చే మంగళవారం. పరీక్ష గురువారం.

బుధవారం ఎల్లాజీ కూర్మన్నపాలెం వెళ్ళి మాంసం తెచ్చాడు. అక్కడ ఉక్కు ప్లాంటులో పనిచేసే బయటి రాష్ట్రాలవాళ్ళ కోసం ఒకతను ఆదివారం, బుధవారం పందిని కోస్తాడు. ఎల్లాజీ ఫోన్లో బొమ్మ చూపిస్తే అతను దాన్ని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

"ఇది పంది కాదు బాబూ, పెళ్ళికూతురు. ఇలగ కొయ్యడం నాకు రాదు. కూర ముక్కలు కొట్టీమంటే కొట్టీస్తాను."

చివరికి ఎల్లాజీయే కత్తి అందుకుని, పక్కటెముక పక్కనుంచి రెండు వేళ్ళ మందాన రెండు ముక్కలు కోసుకున్నాడు. మూడోది వంకర పోయింది. దాన్ని అతనికే వదిలేసి వచ్చాడు.

వాటిని వాళ్ళమ్మ పోతమ్మ చేపల పళ్ళెంలో, ఐసు మీద పెట్టాడు. పోతమ్మ ముప్ఫై ఏళ్ళుగా చేపలమ్ముతోంది. ఆవిడ ఆ ముక్కల్ని తిరగేసింది, వేలితో నొక్కింది, వాసన చూసింది.

"ఏటిది?"

"పంది."

"ఓహో." ఆవిడ మళ్ళీ తిరగేసింది. "మరి మొప్పలేయి?"

"పందికి మొప్పలుండవే అమ్మా."

"కళ్ళూ నేవు, మొప్పలూ నేవు. తాజాదో కాదో ఎలగ తెలుత్తాదిరా? ఎవుడో ఏదో అంటగట్టీసినాడు నీకు." పంది ఇంట్లోకొచ్చిందని ఆవిడేమీ అనలేదు. మొప్పల్లేని సరుకు కొన్నాడనే ఆవిడ బాధంతా. "దీన్నేటి సేత్తావ్?"

"పెనం మీద కాల్చాలి."

అప్పుడు మాత్రం పోతమ్మ చేతిలోని ముక్క పళ్ళెంలో పడిపోయింది. గబగబా వెళ్ళి వీధి తలుపు వేసింది.

"కాల్చడమేటిరా! రాట పాతీసినారు కదా! ఉడకెయ్యి. పసుపూ ఉప్పూ ఏసి ఉడకెయ్యి, సింతపండు పులుసు పొయ్యి, ఆళ్ళకేటి తెలుత్తాది?"

"ఎర్రగా కాలాలమ్మా. సుయ్ మనాలి. అదే పరీక్ష."

మూల కూర్చున్న ఆశ ఏదో అనబోయింది. ఆశ ఎల్లాజీ చెల్లెలు, ఇంటర్ రెండో ఏడు. ఆ పిల్ల ఏదన్నా అనడానికి నోరు తెరిచేలోపల ఎదుటివాళ్ళు ఇంకో రెండు విషయాలు మాట్లాడేసి ఉంటారు. ఇప్పుడూ అంతే అయింది. పోతమ్మ అప్పటికే చెప్పులేసుకుని, ఎల్లాజీని వెంటబెట్టుకుని తన అన్న పైడయ్య దగ్గరికి బయల్దేరింది. పండగ పెద్ద ఆయనే. ఆయన ఒప్పుకుంటే పేట ఒప్పుకున్నట్టే.

పైడయ్య ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్నాడు. అంతా విని సూది పక్కన పెట్టాడు.

"పందంటావా, నాకేటి అబ్యంతరం నేదు అల్లుడా. అమ్మోరికీ ఉండదు. నూనె కాదు. పేటలో కాదు, బయటా కాదు. నువ్వు యే కొంపలో కాగించినా నువ్వు మా రాట కింద మనిషివే."

"మరి వేటకెళ్ళినోళ్ళు బోటులో చేపలు వేపుకుంటారు కద మావా? ఇప్పుడు కూడా వేపుకుంటన్నారు."

పైడయ్య గడ్డం గోక్కున్నాడు. ఆ ప్రశ్న ఆయన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. వేటకెళ్ళినవాళ్ళు నిజంగానే వేపుకుంటారు. ఎవరికీ ఏమీ కాలేదు.

"అది ఏరు," అన్నాడు చివరికి. "రాట కనపడినంత మేరా అమ్మోరిది. రాట కనపడనంత దూరం పోతే, ఆ పైన గంగమ్మది. అక్కడ నూనెకేటి, దేనికీ అడ్డు నేదు."

"అయితే బోటులో వండుతాను. రేపు పొద్దున్నే తీసుకెళ్ళు మావా."

పైడయ్య సరేనన్నాడు. అన్నాక లేచి రాట వైపు చూశాడు, మొహం వాడిపోయింది.

పోయినేడు దాకా ఆ రాట పచ్చి వేపకర్ర, ఇరవై అడుగులుండేది. బోటు ఇంజిన్ వేడెక్కేలోపల కనపడకుండా పోయేది. ఈ ఏడు పక్క పేటవాళ్ళు ముప్ఫై అడుగుల కర్ర వేస్తున్నారని తెలిసి, పైడయ్యే పట్టుబట్టి కూర్మన్నపాలెం తుక్కు కొట్లోంచి అరవై అడుగుల ఉక్కు పైపు తెప్పించాడు. వేపకర్రని దాని మొదట్లో కట్టారు. పైపుకి నిలువునా వెండి రంగేశారు. కొసన పసుపు జెండా కట్టారు. అది ఎండకి కత్తిలా మెరుస్తుంది.

"పెట్రోలు ఎక్కువే తెచ్చుకో," అన్నాడు పైడయ్య.

గురువారం పొద్దున్న ఏడింటికి బోటు తోశారు. పైడయ్య ఇంజిన్ దగ్గర. పోతమ్మ మధ్యలో గొడుగేసుకుని, మాంసం పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తన కళ్ళముందు కాకుండా ఆ మొప్పల్లేనిదాన్ని కొడుకు నోట్లో పెట్టుకోవడం ఆవిడకిష్టం లేదు. ఆశ ముందువైపు, వీడియో తియ్యడానికి. ఎల్లాజీ చిన్న గ్యాస్ పొయ్యి, ఇనప పెనం, వెన్న, మిరియాలు, వెల్లుల్లి, అనాసపండు ముందేసుకున్నాడు. ఆకుల్లో రోజ్‌మేరీ పెద్ద బజార్లో డబ్బాలో దొరికింది. థైమ్ అనేది దొరకలేదు. ఆశ ఏమీ మాట్లాడకుండా పెరట్లో కుండీలోని వామాకు కోసుకొచ్చి అతని చేతిలో పెట్టింది. వాసన చూస్తే ఇంచుమించు అదే.

ఒక అరగంట పోయారు. రాట కనపడుతూనే ఉంది. ఇంకో పావుగంట పోయారు. పేట కనపడటం మానేసింది, మేడలు చుక్కలైపోయాయి. రాట మాత్రం ఆకాశంలో గుచ్చిన సూదిలా అలాగే ఉంది.

"ఇంకా ఉందేటి?" అన్నాడు పైడయ్య, వెనక్కి తిరక్కుండానే.

"ఉంది మావా."

"నీ కళ్ళు మంచియి రా. నాకు కనపడతం నేదు."

"నువ్వు వెనక్కి తిరగలేదు కదన్నియ్యా," అంది పోతమ్మ.

పైడయ్య వెనక్కి తిరిగి, కళ్ళు చికిలించి చూసి, ఎవడో తెలీనివాణ్ణి తిట్టినట్టు తిట్టాడు. "ఎవుడు సెప్పినాడ్రా ఎండి రంగెయ్యమని!"

"నువ్వే," అంది పోతమ్మ.

పెట్రోలు సగానికొచ్చింది. తిరుగు ప్రయాణానికి సగం కావాలి. ఎల్లాజీ పెట్రోలు డబ్బా ఊపి చూసి కింద పెట్టాడు. అప్పుడు పోతమ్మ చెయ్యెత్తి, రేవులోకి వంతు రాక లంగరేసి ఆగి ఉన్న ఒక సరుకు ఓడని చూపించింది. ఊరంత ఓడ అది.

"రాట కనపడకూడదు. అంతే కదా?"

"అంతే."

"దానెనక్కి పోనీ."

పైడయ్య కొంచెం ఆలోచించాడు. దూరం అన్నారు గానీ, అడ్డం ఉండకూడదని ఎవరూ అనలేదు. బోటుని ఓడ అవతలి పక్కకి తిప్పాడు. తుప్పు రంగు ఇనప గోడ ఒకటి లేచి ఒడ్డుని, కొండల్ని, రాటని ఒక్కసారే మింగేసింది. చల్లటి నీడ పడింది.

"ఇక్కడ గంగమ్మది," అన్నాడు పైడయ్య. "కానీయ్ బేగి."

ఆశ ఫోన్ ఎత్తింది. ఎల్లాజీ గొంతు సవరించుకుని తన పేరు, ఊరు చెప్పాడు. ముక్కల తడి గుడ్డతో అద్దాడు. మిరియాలు చల్లాడు. ఉప్పు తీసుకుని చిటికెలో సగం వెనక్కి వదిలేశాడు. బోటులో వంటంటే సగం ఉప్పునీళ్ళు పోసే వండుతారు, అందుకని బోటెక్కితే పేటవాళ్ళ చెయ్యి దానంతటదే ఉప్పు తగ్గిస్తుంది. ఇప్పుడు పెనంలో సముద్రం లేదన్న సంగతి ఆ చేతికి తట్టలేదు.

పెనం పొగలొచ్చేదాకా ఆగి, నూనె వేసి, మొదటి ముక్క పెట్టాడు.

సుయ్ మంది.

అయిదు రోజులుగా ఎవరూ వినని చప్పుడది. పోతమ్మ కళ్ళు మూసుకుంది. పైడయ్య చేతులు జోడించాడు. పైన ఓడ అంచు మీంచి నారింజ రంగు బట్టలేసుకున్న ఒకతను తొంగిచూశాడు, ముక్కు ఎగబీల్చాడు, లోపలికెళ్ళి ఇంకో ఇద్దర్ని తీసుకొచ్చాడు.

ఎల్లాజీకి ఇక సముద్రం గుర్తులేదు. ముక్కల్ని కదపలేదు. అల వస్తే పెనంతో పాటు తనూ వంగాడు. చప్పుడు సన్నబడ్డాక తిరగేశాడు, కింది వైపు బెల్లప్పాకం రంగులో ఉంది. కొవ్వున్న అంచుల్ని పట్టకారుతో నిలబెట్టి కరిగించాడు. వెన్న, నలిపిన వెల్లుల్లి, రోజ్‌మేరీ, వామాకు వేసి, ఆ నురగని చెంచాతో ముక్కల మీద పోస్తున్నాడు.

అప్పుడు గాలి మారింది.

లంగరేసిన ఓడ గాలి మారితే తిరుగుతుంది. అది పేటలో అందరికీ తెలుసు, బోటులో మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. ఇనప గోడ తలుపు తెరుచుకున్నట్టు మెల్లగా పక్కకి జరిగింది. ముందు కొండ కొస కనపడింది. తర్వాత ఎండ పడింది. తర్వాత వెండి సూది.

"రాట! రాటొచ్చీసినాది!" అని పైడయ్య కేకేశాడు. "దించు! పెనం దించీ!"

"దించితే పరీక్ష పోతాది మావా!" అన్నాడు ఎల్లాజీ, చెంచా ఆపకుండా.

"నానుగానీ ఇంజినేసి మళ్ళీ ఓడెనక్కి తిప్పీత్తే?"

"ఇంజినేస్తే నా మాట వినపడదు!"

"అమ్మోరు సూత్తందిరా!"

పోతమ్మ లేచింది. బోటు ఒరిగింది. అనాసపండు చెక్కలు ఆ చివర్నుంచి ఈ చివరకి దొర్లాయి. ఆవిడ గొడుగుని మూయకుండానే అడ్డంగా తిప్పి, పొయ్యికీ ఒడ్డుకీ మధ్య పట్టుకుని నిలబడింది. "ఏదీ, ఇప్పుడు కనపడతందా?"

పైడయ్య వంగి, పెనం దగ్గర తలపెట్టి చూశాడు. నల్లటి గొడుగు తప్ప ఏమీ కనపడలేదు.

"నేదు," అన్నాడు.

"మరి వండుకోనీ."

ఎల్లాజీ మళ్ళీ చెంచాతో వెన్న పొయ్యడం మొదలుపెట్టాడు. ఫోన్ వెనకనుంచి ఆశ మెల్లగా అంది. "అలగైతే ఇంట్లో తలుపేసుకుని వండీసుకుందుము కదా."

ముగ్గురూ ఆ పిల్లవైపు చూశారు. పైనున్న ముగ్గురు కూడా చూశారు.

"ఆ మాట నిన్న సెప్పాలి," అన్నాడు పైడయ్య, చాలా బాధగా.

"నిన్ననే సెప్పబోయినాను మావా. ఎవరిన్నారు?"

ఎల్లాజీ దొర్లిపోయిన అనాస చెక్కల్ని ఏరి, కడిగి, ఆ కొవ్వులోనే వేయించాడు. అంచులు నల్లబడి తియ్యటి వాసన లేచింది. పళ్ళెంలో రెండు ముక్కలు, పక్కన పండు, పైన ఆకు. ఫోన్ ముందు పట్టుకుని చూపించాడు. అచ్చం బొమ్మలో ఉన్నట్టే ఉంది. ఇక తిని చెప్పడమే మిగిలింది.

"గంగమ్మది?" అన్నాడు పైడయ్య.

ఎల్లాజీ ఆ మాట రాకూడదనే పొద్దున్నించీ అనుకుంటున్నాడు. బోటులో ఏది వండినా మొదటిది గంగమ్మకి. ముక్కలు రెండే ఉన్నాయి.

"ఒక చిన్న మూల కోసి ఇస్తాను మావా."

"కత్తెట్టింది ఎంగిలితో సమానం. ముక్క ముక్కంతా ఇయ్యాలి."

ఎల్లాజీ ఫోన్ వైపు చూశాడు. ఎర్రచుక్క వెలుగుతూనే ఉంది. పరీక్ష పెట్టినవాళ్ళు రెండు ముక్కలడిగారు. వండినదాన్ని నీళ్ళలో పారేసే వంటవాణ్ణి ఎవరు పెట్టుకుంటారు? ఇవ్వనని అనడానికే నోరు తెరిచాడు. ఈలోగా చెయ్యి బాగా కాలిన ముక్కనే ఏరి, నుదుటికి తాకించి, నీళ్ళలోకి వదిలేసింది. అయిదేళ్ళప్పుడు తండ్రి ఒళ్ళో కూర్చుని నేర్చుకున్నదది. మనసునడగదు. పైన ఓడ మీంచి ముగ్గురూ ఒకేసారి "అయ్యో" లాంటి చప్పుడు చేశారు.

మిగిలినదాన్ని కోశాడు. లోపల లేత గులాబీ రంగు. నోట్లో పెట్టుకున్నాడు. పంది రుచి ఎలా ఉంటుందోనని రెండు రోజులుగా అనుకుంటూనే ఉన్నాడు. ఇప్పుడు అతనికి పంది గురించి ఆలోచనే రాలేదు. మొహం చిట్లించాడు.

"ఉప్పు తక్కువైంది సార్," అన్నాడు ఫోన్‌తో. "తప్పు నాదే. బోటులో ఉన్నాను కదాని చెయ్యి తగ్గించేసినాను. మిగతా అంతా బాగుంది. పండుతో తింటే ఇంకా బాగుంది. కానీ ఉప్పు తక్కువే."

ఆశ ఆపేసింది. పోతమ్మ ఒక ముక్క చిదిమి నోట్లో వేసుకుని నమిలింది.

"తాజాదే," అంది.

శనివారం మధ్యాహ్నం ఫోనొచ్చింది. అవతల కెప్టెన్ సింహాద్రి గారు. ముప్ఫై ఏళ్ళు ఓడలు నడిపి, ఇప్పుడు ఆ కంపెనీకి మనుషుల్ని ఎంపిక చేస్తున్న పెద్దమనిషి. సొంతూరు ఎలమంచిలి. ఆశ ఫోన్ అందుకుని స్పీకర్ పెట్టింది. పోతమ్మ, పైడయ్య దగ్గరికి జరిగారు.

"వీడియోలో గొడుగు పట్టుకున్నావిడ ఎవరు?"

"మా అమ్మండి."

"ఎందుకు పట్టుకుంది?"

ఎల్లాజీ రాట గురించి, నూనె గురించి, ఓడ తిరగడం గురించి మొత్తం చెప్పాడు.

"సరే. ఒక ముక్క నీళ్ళలో వేశావు. మా ఓడల మీద ఒక నియమముంది. ఒడ్డుకి పన్నెండు మైళ్ళ లోపల అన్నం మెతుకు కూడా సముద్రంలో పడకూడదు. పడిందో, వంటవాడితో పాటు కెప్టెన్ కూడా సంజాయిషీ రాసుకోవాలి. నువ్వు వేసింది ఎన్ని మైళ్ళలో?"

పైడయ్య ఆత్రంగా రెండు చేతుల వేళ్ళూ చూపించి, మళ్ళీ ఒక చెయ్యి చూపించాడు. పదిహేను. పెదాలతో కూడా అన్నాడు. "పదిహేనని సెప్పు!"

ఎల్లాజీ గోడకి చేరబడ్డాడు. పదిహేనంటే ఉద్యోగం. ఆ ఓడ ఎక్కడ లంగరేసి ఉందో ఎవరు కొలిచారు?

"మూడున్నరుంటాదండి," అన్నాడు. "రాట కనపడతానే ఉందండి. గొడుగు అడ్డం పెట్టినాం గానీ."

"గొడుగు లెక్కలోకి రాదు," అన్నారు కెప్టెన్.

"మాకొస్తాదండి."

"మీకు వస్తుంది. ఓడకి రాదు." కాగితం మీద ఏదో రాస్తున్న చప్పుడైంది. "పదకొండు వీడియోలు చూశానబ్బాయ్. పదిమంది తిని, సూపర్ సార్ అన్నారు. అందులో నలుగురివి లోపల పచ్చిగా ఉన్నాయి. ఒకడిది బొగ్గయింది. అవీ సూపరే. ఇరవైమంది ఆకలితో కూర్చునే చోట, ఉప్పు తక్కువైందని ముందే చెప్పేవాడు కావాలి నాకు. పదహారున డాక్టరు పరీక్షకి రా. గంగమ్మకి పన్నెండు మైళ్ళు దాటాకే పెట్టు. అక్కడైతే నేనూ అడ్డు చెప్పను. ఆ వామాకు మొక్క ఒకటి కూడా తెచ్చుకో."

ఫోన్ పెట్టేశాక ఎల్లాజీ అరుగు మీద కూలబడి మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఆశ లోపలికెళ్ళి, కుండీలోంచి ఒక కొమ్మ తుంచి, డబ్బాలో మట్టి పోసి నాటడం మొదలుపెట్టింది.

పోతమ్మకి మాత్రం ఒక్కటే పట్టుకుంది.

"పన్నెండు మైళ్ళంటన్నియ్యా. పన్నెండు మైళ్ళ దాకా ఆళ్ళ ఏలుబడేనంట. ఆళ్ళ రాట ఎంతెత్తుంటాదో!"

పైడయ్య అప్పటికే లేచాడు. వీధిలోకెళ్ళి నిలబడి, నడుం మీద చెయ్యేసుకుని, తన వెండి రంగు పైపుని మొదట్నించి కొసదాకా చూస్తున్నాడు. ఇన్నాళ్ళూ అది ఎత్తుగానే ఉందనుకున్నాడు.